రాత్రికావలి విద్య: పెద్ద భవనములకు చొరబాటు అలారము అమర్చు వృత్తి

శ్రీశైలమునకు వచ్చిన యాత్రికులలో మల్లికార్జునస్వామి ఆలయమును చుట్టిన ప్రాకారముపై చెక్కిన గజపంక్తులను, వేటదృశ్యములను, శివలీలలను నిలిచి చూచువారు అనేకులు గాని, కోటగోడను తలపించునంత దిట్టముగా ఆ కుడ్యమును కట్టించుటకు కారణమేమని ఆలోచించువారు కొలదిమంది మాత్రమే. దేవునికి సమర్పితమైన ధనము ఎంత పెరిగినదో దానిని కాపాడవలసిన చింతయు అంత పెరుగుట లోకసహజము. విజయనగరప్రభువుల నాడు రాతిగోడ, ఇనుపగడియ, జాముజామునకు తిరుగు తలారి ఆ చింతను తీర్చుచుండగా, నేడు వానికి తోడుగా విద్యుత్తుతో పనిచేయు మఱియొక కావలి వచ్చినది.

ఆ కొండపై నేడు రక్షింపవలసిన తావులు అనేకములు. హుండీ కానుకలను లెక్కించు చంద్రవతీ కల్యాణమండపము, గంగాసదనము, గౌరీసదనము మొదలగు వసతిగృహములు, వివిధ సంఘముల సత్రములు, బ్యాంకుశాఖలు, సున్నిపెంటలోని ప్రాజెక్టు కార్యాలయములు, కృష్ణానదికి అడ్డముగా నిలిచిన 512 మీటర్ల ఆనకట్ట, దానికి ఇరుగట్లనున్న విద్యుత్కేంద్రములు, ఇన్నిటిని రాత్రింబవళ్లు మనుష్యుని కన్ను ఒక్కటే కాచుట అసాధ్యము. తలుపు తెరచుకొన్న మరుక్షణమున, అద్దము పగిలిన మరుక్షణమున, నిర్జనమైన గదిలో అడుగు పడిన మరుక్షణమున హెచ్చరించు అలారమును అమర్చి, ఏ సంకేతమునకు ఏమి చేయవలెనో దానికి నేర్పి, ఏండ్లతరబడి దానిని పనిచేయు స్థితిలో నిలుపగల టెక్నీషియన్ల అవసరము ఇట్లు ఏర్పడినది.

ఈ అవసరమునకు స్థానికమైన కారణము మఱియొకటి కలదు. కర్నూలునుండి శ్రీశైలము సుమారు 180 కిలోమీటర్లు. నల్లమల పులుల అభయారణ్యము గుండ పోవు దారులలో రాత్రి 9 గంటలు దాటిన తరువాత తెల్లవారువరకు వాహనములను విడువరు. నడిరేయి అలారపు హూటర్ మ్రోగి ఎంతకును ఆగనిచో, పట్టణమునుండి మనిషి వచ్చుసరికి తెల్లవారిపోవును. కావున సున్నిపెంటలోనో, దోర్నాలలోనో, ఆత్మకూరులోనో నివసించు యువకునికో యువతికో ఈ విద్య పట్టుబడినచో, నగరమునందలి పెద్ద సంస్థకు లేని సౌలభ్యము వారికి సహజముగా లభించును.

వృత్తి స్వరూపము

అమెరికాలో అగస్టస్ పోప్ అనునతడు 1853లో విద్యుదయస్కాంతముతో పనిచేయు దొంగల గంటకు పేటెంటు పొందెను. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులను కొని దానిని వ్యాపారముగా విస్తరింపజేసెను. తలుపు కదలికచే విద్యుద్వలయమునందు మార్పు కలిగిన గంట మ్రోగవలెనను ఆనాటి సూత్రమే నేటికిని పునాది. నేటి వ్యవస్థలో ఆ మార్పును కనిపెట్టు సెన్సర్లు, వాని సంకేతములను విచారించు కంట్రోల్ ప్యానెల్, మనిషి ఆజ్ఞలను స్వీకరించు కీప్యాడ్, హెచ్చరించు హూటర్, దూరమునకు వార్త పంపు ఆటో డయలర్ అను అంగములు కలవు.

టెక్నీషియన్ పని నాలుగు దశలుగా సాగును: స్థలమును పరీక్షించుట, తీగెలు లాగి పరికరములను బిగించుట, ప్యానెల్‌ను ప్రోగ్రాము చేయుట, పరీక్షించి అప్పగించి పిమ్మట నిర్వహించుట. మన పల్లెలలో సీసీ కెమెరాలు బిగించు యువకులు అనేకులు రెండవ దశతోనే తమ విద్య ముగిసినదని తలంతురు. మొదటిది, మూడవది, నాలుగవది నేర్చినవాడే ఈ వృత్తిలో నిలుచును. ఏలయన అలారము విలువ అంతయు దాని మాట నమ్మదగియుండుటలో నున్నది. ‘నాన్నా, పులి’ కథలోని బాలునివలె కారణము లేకుండ వారమునకు రెండుమారులు అరచిన అలారమును కావలివాడు మూడవ వారమున స్విచ్చి ఆర్పివేయును. నిజముగా దొంగ వచ్చిననాడు ఆ భవనమున అలారము ఉన్నను లేనట్లే.

స్థలపరీక్ష

పని చేపట్టకముందే అడుగవలసిన మొదటి ప్రశ్న, ఇక్కడికి రాదగిన దొంగ ఎవడు? ఐరోపాలో అనుసరించు ఈఎన్ 50131 ప్రమాణము ఈ ప్రశ్ననే ఆధారముగా గైకొని, అలారములను నాలుగు శ్రేణులుగా విభజించినది. ఏమియు తెలియక తలుపు నెట్టి చూచు చిల్లరదొంగకు మొదటి శ్రేణి చాలును. ముందుగా పథకము వేసికొని, పరికరములతో వచ్చి, అలారమును ఏమార్చుటకు యత్నించు ముఠా రాదగిన చోట నాలుగవది కావలెను. రాయలసీమలో ఈ విచారణకు ఒక ప్రత్యేకత కలదు. శిథిలాలయములలో గుప్తనిధులకై త్రవ్వు ముఠాల బెడద ఇక్కడ చిరకాలమునుండి యున్నది. శ్రీశైలమున ఘంటామఠపు జీర్ణోద్ధరణ సందర్భమున 2021లో తామ్రశాసనములు బయల్పడినవన్న వార్త చరిత్రకారులకు ఆనందము కలిగించినట్లే అట్టివారి ఆశలను రేపియుండుట అసంభవము కాదు. నిధివేటగాడు తలుపును తెరువడు. గోడను, నేలను పెకలించును. అతనిని పట్టుటకు తలుపునకు బిగించు అయస్కాంతపు కాంటాక్టు నిరుపయోగము. త్రవ్వకపు కంపనమును గుర్తించు వైబ్రేషన్ సెన్సరే సాధనము.

రెండవ ప్రశ్న, ఈ స్థలమున అలారమును మోసపుచ్చునది ఏది? మనుష్యదేహపు ఉష్ణమును పసికట్టు పీఐఆర్ సెన్సర్ నిజముగా చూచునది దేహమునకును వెనుకనున్న గోడకును గల ఉష్ణోగ్రతాభేదమును మాత్రమే. కర్నూలు, కడప మైదానములలో వేసవిని ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము. రేకులకప్పు గల గిడ్డంగిలో గోడయు మనిషి దేహమును ఇంచుమించు ఒకే వేడిమికి వచ్చినపుడు, ఆ మనిషి సెన్సరుకు కనబడకుండపోవచ్చును. కాబట్టి పరిసరోష్ణతను బట్టి తన సూక్ష్మతను సవరించుకొను రకమునే ఎంచి, దానిని 2.1 నుండి 2.4 మీటర్ల ఎత్తున, మనిషి తనవైపు నడచివచ్చునట్లు కాక తన చూపునకు అడ్డముగా దాటునట్లు బిగింపవలెను. ఎండపడు కిటికీకి గాని, ఏసీ గాలికి గాని అది ఎదురుగా నుండరాదు. పీఐఆర్‌తో మైక్రోవేవును జోడించిన డ్యూయల్ సెన్సర్ తప్పుడు కేకలను తగ్గించును. అయితే ఆ రెండును ఒప్పుకొన్నప్పుడే అది మ్రోగును గనుక, వేడిమిచే పీఐఆర్ గ్రుడ్డిదైనచోట డ్యూయల్ సెన్సర్ పెట్టి నిశ్చింతగా నుండుట పొరపాటు.

అలారమును మోసపుచ్చు మఱియొక శత్రువు, కోతి, శ్రీశైలమునకు వెళ్లినవారికెల్ల తెలిసినదే. ప్రహరీగోడ పొడవున పరారుణకిరణముల బీమ్ సెన్సర్లను బిగించినచో కోతుల గుంపు పగలంతయు దానిని దాటుచుండును. రెండు గాని నాలుగు గాని కిరణములు ఏకకాలమున తెగినప్పుడే సంకేతమిచ్చు రకమును వాడుటయు, గోడవద్ద బీమ్ తెగి, లోపల సెన్సరు కూడ కొద్ది వ్యవధిలో కదలికను గుర్తించినప్పుడే పెద్ద హూటరును మ్రోగించుటయు, కెమెరా దృశ్యముతో సరిచూచుకొనుటయు దీనికి విరుగుడు. సెన్సరు పెట్టెలో గూడుకట్టు పురుగులు చేయు అల్లరికి తీగెరంధ్రమును సీలుచేయుట చాలును. ప్రాచీనశిలకు రంధ్రము వేయుట ఎన్నటికిని తగదు గనుక అచ్చట వైర్‌లెస్ సెన్సర్లు వాడవలసివచ్చును. అయితే మందపు రాతిగోడ రేడియో తరంగములను మ్రింగివేయును. కాబట్టి కాగితముపై వ్రాసిన దూరమును నమ్మక, ప్రతి సెన్సరునకు సంకేతబలమును అక్కడికక్కడ కొలిచి చూడవలెను.

తీగెల లెక్క

మల్టీమీటరు పట్టుకొన్న కుర్రవానిని పరీక్షించుటకు ఒక్క ప్రశ్న చాలును: తలుపు తెరచుకొన్నదా, తీగె తెగినదా, ఎవడైన తీగెలను కలిపివేసినాడా, ఈ మూడింటిని ప్యానెల్ ఎట్లు వేరుపరచును? సమాధానము రెండు చిన్న రెసిస్టర్లలో నున్నది. వెయ్యి ఓముల రెసిస్టరు నొకదానిని అలారం కాంటాక్టునకు సమాంతరముగాను, అంతే విలువగల మఱియొకదానిని వరుసలోను కలిపిన జోనులో, అనగా ప్యానెల్ పర్యవేక్షించు ఒక తీగెవలయములో, తలుపు మూసియున్నప్పుడు ప్యానెల్‌కు 1,000 ఓములు కనబడును; తెరచిన 2,000 కనబడును; తీగె కోసిన నిరోధము అనంతమగును; తీగెలు కలిపిన సున్న యగును. రెసిస్టర్ల విలువ కంపెనీని బట్టి మారును గాని సూత్రమొక్కటే. వానిని సెన్సరు పెట్టెలోపలనే బిగింపవలెను. నిచ్చెన ఎక్కుటకు బద్ధకించి, వానిని ప్యానెల్ వద్దనే అతికించి పోవువారు కలరు. అట్టిచోట నడుమనున్న వందమీటర్ల తీగెను ఎవడు కలిపివేసినను ప్యానెల్ అంతయు క్షేమమనియే చెప్పుచుండును.

పెద్ద భవనమున వోల్టేజి నష్టము మఱియొక మాయ. 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె వందమీటర్లు పోయి తిరిగివచ్చుసరికి సుమారు 16 ఓముల నిరోధమగును. ఒక్కొక్కటి 15 మిల్లీయాంపియర్లు తీసికొను పది సెన్సర్లను దాని చివర వ్రేలాడదీసినచో 2.4 వోల్టులు దారిలోనే హరించిపోవును. కరెంటు ఉన్నంతసేపు లోపము కనబడదు. కరెంటు పోయి, బ్యాటరీ 11 వోల్టులకు దిగిన రాత్రి ఆ చివరి సెన్సర్లకు 8.6 వోల్టులే అందును. పెక్కు సెన్సర్లకు 9 వోల్టులైనను కావలెను. గాలివానకు కరెంటు పోయిన రాత్రియే చీకటిలో వచ్చువానికి అనుకూలమైన రాత్రి గనుక, ఈ లెక్కను ముందే వేసి మందమైన తీగెను గాని, అంతస్తునకొక విడి పవర్‌సప్లైని గాని పెట్టవలెను.

బ్యాటరీ లెక్కయు ఇట్టిదే. నలుబది సెన్సర్లకు 600 మిల్లీయాంపియర్లు, ప్యానెల్, కీప్యాడ్లకు 200, మొత్తము 0.8 యాంపియర్లు అనుకొన్నచో, పండ్రెండు గంటలకు 9.6 యాంపియర్-అవర్లు కావలెను. హూటరునకు, బ్యాటరీ ముదిమికి కొంత చేర్చినచో 12 దాటును. అలవాటు చొప్పున పెట్టు 7 యాంపియర్-అవర్ల బ్యాటరీ అచ్చట తెల్లవారకముందే చేతులెత్తివేయును. ఇక నల్లమల పిడుగులకు సర్జ్ ప్రొటెక్టరు, రాతినేలలో మీటరుతో కొలిచి నిర్ధారించిన ఎర్తింగు అత్యవసరములు.

ప్రోగ్రామింగు

నాలుగంతస్తుల సత్రమొకటి ఊహింతము. క్రింద ఆఫీసు, నగదు గది, వంటసరకుల స్టోరు, పైన యాత్రికుల గదులు, చివర డాబా. దీనినంతటిని ఒకే అలారముగా ఆర్మ్ చేసినచో, అనగా కావలికి నిలిపినచో, అర్ధరాత్రి నీళ్లకై లేచిన యాత్రికుడే దొంగ యగును. కావున ఆఫీసు ఒక ఏరియాగా, నగదు గది ఒకటిగా, స్టోరు ఒకటిగా, డాబా తలుపు ఒకటిగా విభజించి, ఆఫీసునకు స్టోరునకు ఉమ్మడియైన నడవను ఆ రెండును ఆర్మ్ అయినప్పుడే తానును ఆర్మ్ అగునట్లు అనుసంధింపవలెను. పెద్ద భవనపు ప్రోగ్రామింగులో అసలైన నైపుణ్యము ఈ విభజనయందే కలదు. ఆ భవనములో ఎవరు ఏ వేళకు ఎక్కడికి పోవుదురో గుమాస్తాను, వంటవానిని, వాచ్‌మన్‌ను అడిగి తెలిసికొననివానికి అది సాధ్యపడదు.

పిమ్మట ప్రతి జోనునకు దాని స్వభావమును నిర్ణయింపవలెను. ఆఫీసు ముంగిలితలుపు ఎంట్రీ జోను. తెరచినవాడు కోడు నొక్కుటకు ముప్పది సెకండ్లు గడువు. లోపలి సెన్సరు దానిని అనుసరించు ఫాలోయర్. తలుపుద్వారా వచ్చినవానికి గడువిచ్చును, కిటికీనుండి దూకినవానికి ఇవ్వదు. కిటికీలు ఇన్‌స్టంట్ జోనులు. బీరువాపై వైబ్రేషన్ సెన్సరు, కౌంటరు క్రింది పానిక్ బటను, పెట్టెలు విప్పినప్పుడు మేల్కొను ట్యాంపర్ స్విచ్చులు ఇరువదినాలుగు గంటలు జాగృతములు. బెదిరింపునకు లోనైనవాడు ఒక ప్రత్యేకమైన కోడు నొక్కినచో పైకి అలారము ఆగినట్లు కనబడుచునే రహస్యముగా వార్త పోవునట్లు చేయవచ్చును. ప్రతివారికి వేరువేరు కోడు ఇచ్చినప్పుడే ఎవరు ఏ వేళ తెరచిరో లాగ్ తేటపరచును. మహాశివరాత్రికి భవనము రాత్రియంతయు తెరచియుండును గనుక, స్వయముగా ఆర్మ్ అగు టైమరునకు ఉత్సవదినములను ముందే నేర్పవలెను.

దూరమునకు పోవు వార్తకు కాంటాక్ట్ ఐడీ వంటి సంకేతభాషలు కలవు. 130 అనిన చొరబాటు, 301 అనిన కరెంటు పోవుట, 302 అనిన బ్యాటరీ క్షీణత. ఘాట్ల నడుమ మొబైల్ సిగ్నలు చంచలము గనుక సిమ్‌తో పాటు ఇంటర్నెట్ దారియు ఉండుట మేలు. అప్పగించుటకు ముందు ప్రతి సెన్సరు ఎదుట నడచి, కరెంటు తీసి, బ్యాటరీ తీసి, పెట్టె విప్పి, ఫోను అందినదా అని అడిగి, అన్నిటిని కాగితముపై వ్రాసి సంతకము తీసికొనవలెను. కీప్యాడ్‌పై ‘జోన్ 17’ అని విడువక, ‘రెండవ అంతస్తు తూర్పు కిటికీ’ అని తెలియునట్లు పేరు పెట్టినచో కావలివాడు తిన్నగా అచ్చటికే పరుగెత్తును.

ఇంకొక నియమము దేనికిని లొంగనిది. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రములో జరిగిన అగ్నిప్రమాదమున తొమ్మండుగురు మరణించిరి. పొగ కమ్మిన వేళ మనిషికి కావలసినది బయటికి దారి. దొంగను అడ్డుటకు బిగించిన ఏ ఎలక్ట్రానిక్ తాళమైనను ఫైర్ అలారము మ్రోగగానే తనంతట విడివడునట్లు కలుపని పని ఎంత అందముగా నున్నను ఒప్పుకొనదగినది కాదు.

చదువు, శిక్షణ

పదవ తరగతి తరువాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ గాని, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ గాని రెండేండ్ల కోర్సు ఈ వృత్తికి తిన్ననైన ద్వారము. పాలిసెట్ ప్రవేశపరీక్ష వ్రాసి మూడేండ్ల డిప్లొమా చేసినవారికి డిజైను, సూపర్వైజరు పదవులు త్వరగా దొరకును. శ్రీశైలముననే ప్రభుత్వ పాలిటెక్నిక్ కలదు. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ వారి సీసీటీవీ ఇన్‌స్టలేషన్ టెక్నీషియన్ కోర్సు స్వల్పకాలములో ముగియును. 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద స్టైపెండుతో పని నేర్చుకొనుటకు వీలున్నది. 230 వోల్టుల కనెక్షను పనికి వైర్‌మన్ పర్మిటు అవసరము గనుక దానిని ముందే సంపాదించుట లాభము. ప్యానెల్ తయారుచేయు కంపెనీలు తమ డీలర్లకు, టెక్నీషియన్లకు శిక్షణ నిచ్చుచుండును. మాన్యువలు చదివి అర్థముచేసికొనునంత ఇంగ్లీషు, ఐపీ అడ్రసు అననేమో తెలియునంత నెట్‌వర్కింగు ఉన్నచో ఆ శిక్షణ ఫలించును.

పని దొరకు తావులు

ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టము, 2013 ప్రకారము ఒకేసారి నూరుగురు గాని, దినమునకు ఐదువందలమంది గాని వచ్చు స్థలములలో సీసీ కెమెరాలు పెట్టి, ముప్పది దినముల దృశ్యములను భద్రపరుపవలెను. 2020 సెప్టెంబరులో అంతర్వేది ఆలయరథము దగ్ధమైన పిమ్మట రాష్ట్రమున ఆలయరక్షణపై శ్రద్ధ హెచ్చినది. కెమెరా జరిగినదానిని చూపును, అలారము జరుగుచుండగనే పిలుచును; రెండును కలిపి చేయగలవానికి ఒకే స్థలమున రెండు పనులు దొరకును. తాళము వేసి ఊరికి పోవువారి ఇండ్లలో కదలికను పసికట్టు కెమెరాను పోలీసులే అమర్చు ఎల్‌హెచ్‌ఎంఎస్ పథకముచే, ఇట్టి రక్షణ సామాన్యగృహస్థునకు కూడ పరిచితమైనది.

గని, శకునాల గ్రామముల చెంత వేలాది ఎకరములలో పరచుకొన్న వెయ్యి మెగావాట్ల కర్నూలు సౌరవిద్యుత్ పార్కు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామికవాడ, గ్రామీణ బ్యాంకుశాఖలు, కళాశాలలు, ఆసుపత్రులు మన జిల్లాలలోనే వెదకదగిన చోటులు. కడప ప్రాంతమునుండి గల్ఫునకు పోవువారు అనేకులు. దుబాయిలో భద్రతావ్యవస్థల పని చేయుటకు అచ్చటి సీరా అను నియంత్రణసంస్థ అనుమతి కావలెను గనుక, విమానమెక్కక ముందే ఆ నియమములను విచారించుట వివేకము. హెల్పరుగా ప్రారంభించినవాడు టెక్నీషియనై, కమిషనింగ్ ఇంజనీరై, ప్రాజెక్టు మేనేజరగుట ఉద్యోగమార్గము. స్వతంత్రముగా నిలుచువానికి ఏడాదికొకమారు వచ్చు ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందములే నిలకడైన ఆదాయము. ఒకనాటి బిగింపుకూలి ఒకనాటితో పోవును. బాగుగా చూచుకొన్న ఇరువది భవనముల ఏఎంసీ ఒక కుటుంబమునకు ఆధారము కాగలదు.

నమ్మకము

ఈ వృత్తిలో ప్రవేశించువాడు ఊరిలోని ధనమెక్కడ నున్నదో, దానికి రక్ష ఎక్కడ బలహీనముగా నున్నదో ఎఱిగినవాడగును. కంచె చేను మేసినదన్న మాట ఒక్కమారు పడినచో ఆ మనిషికి ఈ ప్రాంతమున మఱల పని పుట్టదు. కాబట్టి కంపెనీ పెట్టిన ఇంజనీరు కోడును మొదటిదినముననే మార్చి, క్రొత్తదానిని సీలుచేసిన కవరులో యజమానికి అప్పగింపవలెను. ఉద్యోగము మానినవాని కోడును ఆనాడే తొలగింపవలెనని మేనేజరునకు నేర్పవలెను. ప్యానెల్ ఫోటోలను, జోనుల పటమును వాట్సాప్‌లో పంచరాదు. యాత్రికుల ఏకాంతమునకు భంగము కలిగించు చోట కెమెరా బిగింపుమని ఎవరు కోరినను నిరాకరింపవలెను.

ఆరంభించుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఎనిమిది జోనుల పాత ప్యానెలొకటి, పీఐఆర్ ఒకటి, తలుపుకాంటాక్టు ఒకటి, హూటరు, బ్యాటరీ, కొన్ని రెసిస్టర్లు, మంచి మల్టీమీటరు సంపాదించి ఇంట ఒక చెక్కపై బిగించుకొని, తీగెను కోసి, కలిపి, కరెంటు తీసి, ప్యానెల్ ప్రతిమారు ఏమి చెప్పునో నోటుపుస్తకమున వ్రాసికొనుచు పోయిన విద్యార్థి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టుతో పాటు ఆ పుస్తకమును కూడ బల్లపై పెట్టవలెను. లోపములను తానుగా కల్పించి వానిని కనిపెట్టుట నేర్చినవానిని, పని తెలిసిన ఏ యజమానియు వదలుకొనడు.